తడిగుడ్డ ఇల్లు

నరసాపురంలో రేవుకి దిగే సందులో ఒక పాత పెంకుటిల్లు ఉంది. కాగితాల్లో దానికి ఏ పేరుందో గాని, ఊళ్ళో అందరూ తడిగుడ్డ ఇల్లనే అంటారు. ఆటో వాడికి ఆ పేరు చెబితే చాలు, ఇంక గుర్తులు అడగడు. కాకపోతే చీకటి పడ్డాక చెబితే మాత్రం, "సందు మొదట్లో దింపేస్తానండీ, అక్కణ్ణించి నాలుగడుగులే" అంటాడు. ఆ నాలుగడుగులూ తను వెయ్యడు.

దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని మనకో వెర్రి నమ్మకం. ఈ ఇంటి దెయ్యానికి అంతసేపు కాచుకునే ఓపిక లేదు. దీపాలు పెట్టి అన్నాలకి కూర్చునే వేళకే మొదలుపెట్టేదట. గజ్జెలు కావు, ఏడుపు కాదు... తడిగుడ్డతో గచ్చు తుడుస్తున్న చప్పుడు.

సర్ర్... సర్ర్...

కాసేపు ఆగి, గుడ్డ పిండినట్టు నీళ్ళ చుక్కలు. మళ్ళీ — సర్ర్...

ఆ తుడిచేది చంద్రమ్మ అంటారు. తాతల కాలంలో ఆ ఇంట్లో పనిమనిషి. ఇల్లు కట్టించిన ఆసామి, కాకినాడలో ఓడ దిగిన పూల బిళ్ళల్ని పడవ మీద తెప్పించి ఇల్లంతా గచ్చు వేయించాడు. నీలం తామరలు, ఇటికరంగు తీగలు, అంచున పసుపు గళ్ళు. పెళ్ళికి వచ్చినట్టు జనం వచ్చి చూసి పోయారట. ఆ గచ్చుని పొద్దుటా సాయంత్రం తుడవడమే చంద్రమ్మ పని. పెరటి గుమ్మంలోంచి వచ్చేది, పెరటి గుమ్మంలోంచే పోయేది. వీధి గుమ్మం తొక్కే హక్కు ఆ ఇంట పనివాళ్ళకి లేదు.

ఒక సాయంత్రం నడిమి గదిలో ఇత్తడి గుండిగ జారిపడి, కిటికీ దగ్గరి తామర బిళ్ళ నిలువునా చిట్లింది. జారవిడిచింది ఇంటి మనిషే. చూసినవాళ్ళూ ఇంటివాళ్ళే. తీరా ఆసామి వచ్చి "ఎవరు?" అని గుడ్లురిమేసరికి, అందరి చూపులూ చంద్రమ్మ మీదికి తిరిగాయి.

"నేను కాదండీ" అందట. ఒక్కొక్కరి మొహం వంకా చూస్తూ అదే మాట. ఒక్కరూ నోరు మెదపలేదు. జోరువానలో వెళ్ళగొట్టారు. తెల్లారి రేవు మెట్ల మీద ఆవిడ తుడుపుగుడ్డ దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ తరవాతే చప్పుడు మొదలైంది. శాంతులు చేయించారు, గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు. చివరికి విసుగెత్తి పూల గచ్చు మీద మొజాయిక్ పోయించేశారు. తరవాత కొన్నవాళ్ళు మొజాయిక్ మీద మెరిసే టైల్స్ వేయించారు. గచ్చు మీద గచ్చు వేస్తే చప్పుడు పోతుందా? దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు కాస్త దూరంగా వినబడేది, అంతే.

ఇదంతా నలుగురి నోళ్ళలో నానిన మాట. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మొన్న మొన్నటిది. జరిగింది త్రిమూర్తులు మేస్త్రీకి.

టైల్స్ పనిలో త్రిమూర్తులు పేరున్న మనిషి. పాలకొల్లు నుంచి కూడా వచ్చి పిలుచుకుపోతారు. ఎప్పుడో భీమవరంలో గ్రానైట్ పలక కాలి మీద పడి, ఎడమకాలి చిటికెన వేలు పోయింది. తోటి పనివాళ్ళు తొమ్మిది వేళ్ళ మేస్త్రీ అని వేళాకోళం చేస్తే, "గచ్చు వేసేది చేతులతో గదరా" అని నవ్వేసేవాడు. మనిషి మంచివాడే. ఆ మాట ముందే చెప్పెయ్యాలి. చెడ్డవాడైతే ఈ కథలో అతనికి నిద్ర పట్టేది, మనకి కథ ఉండేది కాదు.

ఆ ఇల్లు కొన్నది శ్రీదుర్గ గారు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. దెయ్యాల మాట ఎత్తితే, "మీరు చూశారా?" అని నవ్వే రకం. ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళంతా ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని నడుములు పడిపోయేలా అల్లుతున్నారు, అందరికీ ఒక చోటు ఉండాలని ఆవిడ ఆశ. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక మూల టైలు లేచిపోయి, దాని కింద మొజాయిక్ పెచ్చు ఊడి, ఆ కింద నీలం రేకు ఒకటి కనబడింది. అంతే. పైవన్నీ తీసేసి పాత గచ్చే నిలబెట్టాలని పంతం పట్టారు.

"యాసిడ్ మాత్రం చుక్క పడకూడదు మేస్త్రీ గారూ" అన్నారు మొదటి రోజే. "ఇవి రంగు సిమెంటు బిళ్ళలు. యాసిడ్ పడితే రంగు తినేస్తుంది. ఇక్కడి బోరు నీళ్ళు కూడా వద్దు, ఒట్టి ఉప్పు. గోదారి నీళ్ళు డ్రమ్ముల్లో తెప్పిస్తాను. కుంకుడు రసం, కొబ్బరి పీచు... ఎన్నాళ్ళు పట్టినా పర్లేదు. మాటివ్వండి."

"ఆయ్, మాటేనండి" అన్నాడు త్రిమూర్తులు. నిజంగానే అన్నాడు పాపం.

అతనికి సాయం లోవలక్ష్మి. బెస్తవాళ్ళ పిల్ల. తలుపులమ్మ లోవ గుళ్ళో మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. భర్త వేట బోటు మీద వెళితే ఎప్పుడొస్తాడో తెలీదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇటుకలూ ఇసకా మోసి మోసి, ఇప్పుడు మెడ పక్కకి తిప్పాలంటే మనిషంతా తిరగాలి. త్రిమూర్తుల్ని బాబాయ్ అని పిలుస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. తట్ట నెత్తికెత్తేటప్పుడు రెండో చెయ్యి వేసే మేస్త్రీ అతనొక్కడే, అందుకని.

టైల్స్ ఊడదీశారు. మొజాయిక్‌ని ఉలితో చిన్నగా, గుడ్డు పెంకు ఒలిచినట్టు పెచ్చులు పెచ్చులుగా లేపారు. కింద నుంచి తామరలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. లోవలక్ష్మి వాటి మీద బోర్లా పడినట్టు కూర్చుని పీచుతో రుద్దేది. "దీని మొహం కడగాలి బాబాయ్, ఇది ఇంకా నిద్రలేవలేదు" అనేది. తల మీద తట్ట కింద పెట్టుకునే ఎర్ర గుడ్డతోనే ఆఖర్న తుడిచేది. నడిమి గదిలో కిటికీ దగ్గర ఆ చిట్లిన బిళ్ళ బయటపడ్డ రోజున, దాని మీద ఒక నందివర్ధనం పువ్వు పెట్టింది.

"ఎందుకే?" అన్నాడు త్రిమూర్తులు.

"ఆవిడ గచ్చు కదా బాబాయ్. అడక్కుండా తొక్కుతున్నాం."

శ్రీదుర్గ గారు ఆ పిల్ల పనితనం చూసి, ఒకనాడు పిలిచి చెప్పారు. లేసు కేంద్రం మొదలయ్యాక ఇల్లు చూసుకునే పని నీదే, తాళాలు నీ దగ్గరే ఉంటాయి, ఇంక తట్ట ఎత్తక్కర్లేదు అని. ఆ సాయంత్రం లోవలక్ష్మి ఎర్ర గుడ్డని ఉతికి నడిమి గది కిటికీ ఊచకి ఆరేసి, "ఇది ఇంక నా నెత్తి ఎక్కదు బాబాయ్. గచ్చు తుడుచుకుంటుంది" అంది.

మిగిలింది నడిమి గది. అక్కడే వచ్చింది తంటా. మొజాయిక్ సిమెంటు బిళ్ళలకి కరుచుకుని ఒక పట్టాన వదల్లేదు. పొద్దుటి నుంచీ రుద్దితే సాయంత్రానికి అరచేతి మేర. అవతల భీమవరంలో అపార్టుమెంటు పని ఒప్పుకున్నాడు. ఆ బిల్డరు పూటకోసారి ఫోను. వస్తావా, వేరేవాణ్ణి పెట్టుకోనా అని.

ఒక రోజు లోవలక్ష్మి తలుపులమ్మ లోవకి మొక్కు తీర్చుకోడానికి వెళ్ళింది. త్రిమూర్తులు ఒక్కడే ఉన్నాడు. ఒక్కడే ఉన్నప్పుడే మనిషికి బుద్ధి అటూ ఇటూ పోతుంది. కొంచెమే పోసి వెంటనే కడిగేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. నీలం క్యాను యాసిడ్ తెచ్చాడు.

పోశాడు. గచ్చు బుసబుసా పొంగింది. మొండి సిమెంటంతా నురగలో కరిగిపోతుంటే ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత నురగ నీలంగా మారింది.

గబగబా గోదారి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోతే అడుగంటి ఉంది. ఇంక ఆలోచించలేదు. బోరు పైపు లాగి కడిగేశాడు. తడి మీద రంగులు నిగనిగా కనబడేసరికి, ఏమీ కాలేదులే అని తనకి తనే చెప్పుకున్నాడు. కాస్త ఆరీ ఆరకముందే మైనం పాలిష్ రాసుకుంటూ గుమ్మం దాకా వెనక్కి వచ్చాడు. అప్పుడు చూశాడు... యాసిడ్ క్యాను అవతలి కిటికీ గట్టు మీదే ఉండిపోయింది.

పొద్దు వాలిపోతోంది. ఉత్త కాళ్ళతో మైనం మీదే మెల్లిగా నడిచి వెళ్ళి, క్యాను తీసుకుని, మెల్లిగా నడిచొచ్చాడు. మసక వెలుతుర్లో ఏ గుర్తూ కనబడలేదు. తలుపు మూసి, పాలిష్ ఆరేదాకా ఎవరూ తియ్యకూడదని అందరికీ చెప్పాడు.

తలుపు తీసిన రోజున శ్రీదుర్గ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. హాల్లో తామరలు నీలంగా నవ్వుతున్నాయి. ఈ గదిలో తామరలు పొయ్యిలో బూడిదలా ఉన్నాయి.

"ఏం పోశారు?" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

త్రిమూర్తులు నోటికి ముందు వచ్చిన మాట, "ఈ ఇంటి సంగతి తెలిసిందే కదండీ అమ్మగారూ... రాత్రిళ్ళు ఏవేవో తుడుస్తారంటారు..." అని. ఆవిడ అతని మొహం చూసి, ఆ మాట విననట్టే లోవలక్ష్మి వైపు తిరిగారు. కడగడం, తుడవడం అంతా ఆ పిల్ల పనే కదా.

"నేను కాదండీ" అంది లోవలక్ష్మి. "నేనసలు ఈ గది తలుపే తియ్యలేదండీ. బాబాయ్, చెప్పు."

చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. భీమవరం పని, ఊళ్ళో పేరు, ఇచ్చిన మాట — అన్నీ కలిసి అడ్డం పడ్డాయి. మౌనంగా ఉన్నా కొంత నయం. నోరు తెరిచి అతనన్నది ఇది:

"తెలియక చేసుంటుందండీ. చదువులేని పిల్ల. ఈసారికి వదిలెయ్యండి."

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారే, అది ఇదే. జాలి చూపిస్తూనే కోసేశాడు. లోవలక్ష్మి ఒక్కసారి అతని వైపు చూసి, పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. కిటికీ ఊచకి ఆరేసిన ఎర్ర గుడ్డ కూడా తీసుకోలేదు.

తరవాత ఆ పిల్లని ఎవరూ పనికి పిలవలేదు. లక్షణంగా ఉన్న గచ్చుని కాల్చేసిన చెయ్యి అని సందు సందంతా పాకింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతోందని, పొద్దంతా ఐసులో పెట్టిన చేతులు సాయంత్రానికి ముడుచుకోవడం లేదని ఎవరో అంటుంటే విన్నాడు త్రిమూర్తులు. భీమవరంలో ఎవరు "బాబాయ్" అని ఎవర్ని పిలిచినా ఇతను తిరిగి చూసేవాడు.

చెప్పేద్దాం అని రోజూ అనుకునేవాడు. రేపు చెప్దాం అని రోజూ పడుకునేవాడు.

ఇంతలో వాయుగుండం పట్టింది. ముసురు, మధ్యలో ఒక పూట చుర్రుమని ఎండ, మళ్ళీ ముసురు. కేంద్రం మొదలుపెట్టే ముందు రోజు సాయంత్రం శ్రీదుర్గ గారి దగ్గర్నుంచి ఫోను.

"మేస్త్రీ గారూ, నేను కాకినాడలో చిక్కుకుపోయాను. గాలి బాగా లేచింది, నడిమి గది కిటికీ వెయ్యలేదేమోనని భయంగా ఉంది. తాళం ఒకటి మీ దగ్గరే ఉంది కదా. కాస్త వెళ్ళి చూడరా?"

దెయ్యం భయం అని చెబితే ఆవిడ నవ్వుతారు. ఆ దెయ్యం మీదే కదా మొదట నింద వేద్దామని చూశాడు! "ఆయ్, వెళతానండి" అన్నాడు.

వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. దీపాలేవీ లేవు... కరెంటు పోయింది. సందంతా తలుపులు బిగించుకున్నారు. వాన సన్నగా పడుతోంది. తాళం తీశాడు. చెప్పులు అలవాటు కొద్దీ బయటే వదిలాడు. ఫోను లైటు వేసుకుని హాల్లో అడుగు పెట్టాడు.

లోపల కిటికీ రెక్క కొట్టుకుంటోంది. టప్... టప్...

నడిమి గది తలుపు తోశాడు. లైటు నేల మీద పడింది.

అడుగులు.

తెల్లటి అడుగులు. గుమ్మం దగ్గర మొదలై, బూడిద తామరల మీదుగా కిటికీ దాకా వెళ్ళాయి. మళ్ళీ కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చాయి. పిండితో వేసినట్టు... లైటు వెలుగులో మెరుస్తూ.

"తల్లీ... తలుపులమ్మ తల్లీ..." అంటూ గుమ్మం పట్టుకున్నాడు. చంద్రమ్మ. ఇంకెవరు? తన గచ్చు కాల్చినవాడి కోసం ఈ గదంతా తిరిగింది.

లైటు కిందికి దించాడు. ఆ వెలుతుర్లోనే తన కాళ్ళ ముందున్న అడుగు కేసి చూశాడు. ఆడమనిషి పాదం కాదది. వెడల్పుగా ఉంది, మడమ మోటుగా ఉంది.

దాని పక్కది చూశాడు. ఎడమ పాదం.

చిటికెన వేలు లేదు.

దాని ముందుదీ అంతే. అవతలిదీ అంతే. కిటికీ దాకా, మళ్ళీ వెనక్కి... ఒక్క ఎడమ పాదానికీ చిటికెన వేలు లేదు.

ఆ రోజు పచ్చి మైనం మీద నడిచాడు కదా! అరికాలు తగిలిన చోటల్లా మైనం లేచొచ్చింది. బోరు నీళ్ళ ఉప్పంతా, అడ్డులేని ఆ చోట్లలోంచే పొంగి పైకొచ్చింది. ఇన్నేళ్ళ పనిలో గోడలకి ఉప్పు పొంగడం ఎన్నిసార్లు చూడలేదు! అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

దెయ్యమైతే బాగుండును అనిపించింది త్రిమూర్తులికి. నిజంగా అనిపించింది. దెయ్యమైతే పరిగెత్తి ఇంటికి పోవచ్చు. తన అడుగుల నుంచి ఎక్కడికి పోతాడు? తెల్లారితే జనం వస్తారు. మేస్త్రీ గుమ్మంలోంచి యాసిడ్ క్యాను దాకా ఎలా నడిచాడో, ఎలా తిరిగొచ్చాడో, గచ్చే చెబుతుంది.

కిటికీ ఊచకి ఎర్ర గుడ్డ ఇంకా వేలాడుతోంది. వానజల్లుకి తడిసి ఉంది.

లాగి తీసుకున్నాడు. లైటు గట్టు మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలెట్టాడు. ఉప్పే కదా, తడి తగిలితే పోతుంది.

సర్ర్... సర్ర్...

సందులోంచి సైకిలు మీద పోతున్నవాడెవడో "ఓరి నాయనోయ్" అన్నాడు. సైకిలు పడిన చప్పుడు, పరిగెత్తిన చప్పుడు. త్రిమూర్తులు గుడ్డ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. బయటివాళ్ళకి ఇప్పుడు తడిగుడ్డ ఇంటి దెయ్యం తనే. ఆ ఆలోచనకి నవ్వు రాబోయింది.

రాలేదు.

ఎందుకంటే — అతను తుడవడం ఆపాడు. చప్పుడు ఆగలేదు.

సర్ర్... సర్ర్...

కిటికీ పక్క చీకటి మూలలోంచి. చిట్లిన బిళ్ళ ఉన్న చోటు నుంచి. తొందర లేకుండా, రోజూ చేసే పనిలా. కాసేపు ఆగింది. నీళ్ళ చుక్కలు పడ్డాయి... టప్... టప్... టప్... మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకొంచెం దగ్గరగా.

గట్టు మీది ఫోను లైటు ఆరిపోయింది.

"నేను కాదండీ..."

చెవి పక్కనే అన్నట్టు వినబడింది. గొంతు చంద్రమ్మదో, లోవలక్ష్మిదో అతనికి తెలియలేదు. మాట ఒక్కటే. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆ పిల్ల అన్న మాట అదే. తన వంక చూస్తూ అన్న మాట.

"నువ్వు కాదమ్మా" అన్నాడు త్రిమూర్తులు. అన్నాక గాని తను ఏడుస్తున్నట్టు తెలియలేదు. "నువ్వు కాదు. లోవలక్ష్మి కాదు. నేనే పోశాను. తెలిసే పోశాను. ఆ పిల్ల మీదికి నేనే తోశాను... నేనే..."

చప్పుడు ఆగింది.

తడిగాలి ఒకటి మొహానికి తగిలి పక్క నుంచి పోయింది. ఆ తరవాత ఎప్పుడు లేచాడో, చెప్పులు వేసుకున్నాడో లేదో అతనికి గుర్తులేదు. తలుపు బార్లా వదిలేసి, లోవలక్ష్మి వాళ్ళుండే పల్లెకారుల పేట దాకా వానలో పరిగెత్తాడు.

లోవలక్ష్మి లాంతరు ముందు కూర్చుని చేతులకి నూనె రాసుకుంటోంది. గుమ్మంలో నీళ్ళోడుతున్న మనిషిని చూసి లేచింది.

"నేనేనే లోవా" అన్నాడు రొప్పుతూ. "యాసిడ్ నేనే పోశాను."

"నాకు తెలుసు బాబాయ్" అంది. "తలుపు తియ్యగానే వాసన కొట్టలేదూ?"

"మరి ఆవేళే చెప్పలేదేం?"

"నువ్వే 'తెలియక చేసుంటుంది' అన్నాక, నేనేం చెబితే ఎవరు నమ్ముతారు?" నూనె సీసాకి మూత పెట్టింది. "నాకు చెప్పడం కాదు. ఆవిడ ముందు చెప్పు. నేనూ ఉంటాను."

కూర్చోమనలేదు. అతనూ కూర్చోలేదు.

పొద్దున్నే మొదటి బస్సుకి శ్రీదుర్గ గారు దిగారు. ముగ్గురూ ఆ ఇంటికి వచ్చారు. తలుపు రాత్రి వదిలినట్టే బార్లా తెరిచి ఉంది. నడిమి గదిలో అడుగులు సగం చెరిగాయి, సగం ఉన్నాయి. త్రిమూర్తులు మాటలు వెతుక్కోలేదు. చెప్పులు విడిచి, ఎడమ పాదాన్ని తెల్ల అడుగులో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"నేనేనండీ" అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తల మాత్రం ఎత్తలేదు.

శ్రీదుర్గ గారు దగ్గరికెళ్ళి ఆ అడుగుల్ని చూశారు. "మైనం లేచిన చోటే ఉప్పు పొంగింది. ఇందులో దెయ్యమూ లేదు, ఏమీ లేదు" అన్నారు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. తరవాత లోవలక్ష్మి వైపు తిరిగారు. "ఆ రోజు నువ్వు కాదన్నావు. నేను వినిపించుకోలేదు. చదువు చెప్పేదాన్ని, ఒక్క ప్రశ్న సరిగ్గా అడగలేకపోయాను." సంచిలోంచి తాళాల గుత్తి తీసి చాపారు.

లోవలక్ష్మి చెయ్యి చాపలేదు. కిందికి చూస్తోంది.

"అమ్మగారూ... మరి ఇవి ఎవరివండీ?"

చిట్లిన తామర బిళ్ళ మీద రెండు పాదాలు. తెల్లగా, చిన్నగా. పక్కపక్కనే, కూర్చున్న మనిషి లేచి నిలబడినట్టు. అక్కడి నుంచి ఒకటి తరవాత ఒకటి, మేస్త్రీ అడుగుల పక్కనుంచి గుమ్మం దాటి హాల్లోకి వెళ్ళాయి.

శ్రీదుర్గ గారు చెప్పు విప్పి పక్కన పాదం పెట్టారు. ఆవిడది పొడుగు. లోవలక్ష్మి పెట్టింది. ఆమెది వెడల్పు.

హాలు గచ్చుకి బోరు నీళ్ళు చుక్క తగల్లేదు. అక్కడి మైనం ఎక్కడా చెదరలేదు. అయినా నీలం తామరల మీద తెల్లటి అడుగులు, ఎక్కడా తడబడకుండా తిన్నగా పోయాయి. శ్రీదుర్గ గారు వంగి వేలితో తాకి చూశారు.

లోవలక్ష్మి వాటి వెంటే నడిచింది. పెరటి వైపు మళ్ళుతాయనుకుంది. మళ్ళలేదు. హాలు దాటి, వసారా దాటి, వీధి గుమ్మం గడప మీద ఒకటి... మెట్టు మీద ఒకటి... ఆ కింద వాన కడిగేసింది.

అక్కడే నిలబడి వెనక్కి చూసింది. గడప నుంచి గది దాకా ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వచ్చి, శ్రీదుర్గ గారి చేతిలో తాళాలు తీసుకుంది.

"అన్నీ వెళ్ళినవేనండీ" అంది. "వచ్చినవి ఒక్కటీ లేవు."